మొత్తం చూడాలా, రేటు చూడాలా: అమెరికా మహిళా ఫుట్‌బాల్ జట్టు జీతాల కేసు

నేను లేబర్ కోర్టు లాయర్ని. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువ, ఆఫ్‌సైడ్ అంటే ఏంటో మా అబ్బాయి మూడుసార్లు చెప్తే గానీ బుర్రకెక్కలేదు. అయినా అమెరికా మహిళా ఫుట్‌బాల్ జట్టు, మగవాళ్ళతో సమానంగా జీతాలివ్వమని, ఆ దేశంలో రెండు జట్లనీ నడిపే ఫుట్‌బాల్ ఫెడరేషన్ మీద వేసిన కేసు గురించి చదివినంతగా నేను ఇంకే విదేశీ కేసు గురించీ చదవలేదు. దానికి కారణం భీమవరం వైపు ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్లో వచ్చిన కూలి గొడవ.

రాజీ చర్చల రోజున యాజమాన్యం తరఫు లాయర్ గారు లేబర్ ఆఫీసర్ టేబుల్ మీద రెండు జీతాల షీట్లు పక్కపక్కన పరిచారు. ఒకటి ప్యాకింగ్ లైన్లో మగవాళ్ళది, ఇంకోటి అదే లైన్లో ఆడవాళ్ళది. అడుగున ‘మొత్తం’ అన్న గడి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "చూడండి మేడం, మీ వాళ్ళకే నాలుగు డబ్బులు ఎక్కువ ముట్టాయి" అన్నారు. నిజంగానే ఎక్కువ ఉంది. నేనేం మాట్లాడాలో తోచక కాగితం వంకే చూస్తూ కూర్చున్నా. నా కుర్చీ వెనక నిలబడ్డావిడ, పదకొండేళ్ళుగా అదే లైన్లో చేస్తున్నావిడ, ముందుకు వంగి షీటు మీద వేలు పెట్టి, "లాయరమ్మా, హాజరు గడి చూడండి. ఆయనవి ఇరవై రెండు, నావి ముప్పై. ఓటీ (ఓవర్‌టైమ్) కూడా నాదే" అంది. రోజు కూలి ఆవిడది తక్కువే. ఆ తక్కువ రేటు మీద ఎక్కువ రోజులు, ఎక్కువ గంటలు చేస్తే మొత్తం మగవాళ్ళని దాటింది. (వారపు సెలవు ఏమైందన్నది వేరే గొడవ, అదీ పెట్టాం.)

ఆ రాత్రి ఇంటికెళ్ళి 2020 మే 1న కాలిఫోర్నియాలో ఫెడరల్ జడ్జి ఆర్. గ్యారీ క్లాస్నర్ ఇచ్చిన తీర్పు మళ్ళీ తీశాను. ఎర్ర సున్నా వాదనే అక్కడ గెలిచింది.

కేసు దాకా ఎలా వచ్చింది

అమెరికా మహిళల జట్టు మొదటి మ్యాచ్ ఆడింది 1985లో. 1991లో చైనాలో జరిగిన మొదటి మహిళల ప్రపంచ కప్ వాళ్ళదే. 1999 ఫైనల్‌కి రోజ్ బౌల్ స్టేడియంలో 90,185 మంది కూర్చున్నారు. ఆ తర్వాత 2015, 2019 కప్పులు కూడా కొట్టారు. అదే దేశపు మగవాళ్ళ జట్టు 2017 అక్టోబర్‌లో ట్రినిడాడ్ మీద ఓడిపోయి 2018 ప్రపంచ కప్‌కి క్వాలిఫై కూడా కాలేదు. ఈ ఓటమి గుర్తుపెట్టుకోండి, కోర్టులో లెక్కలేసినప్పుడు ఇది అడ్డం తిరిగి ఆడవాళ్ళ మీదే పడింది.

ఆడవాళ్ళ ఆటకి మార్కెట్ లేదనే మాట ఎప్పుడూ ఒకటి వినపడుతుంటుంది. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ‘డిక్, కెర్ లేడీస్’ అనే ఆడవాళ్ళ జట్టు మ్యాచ్‌కి దాదాపు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్‌లో, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళు ఆడకూడదని నిషేధం పెట్టింది. అది ఎత్తేయడానికి 50 ఏళ్ళు పట్టింది. దుకాణానికి తాళం వేసి యాభై ఏళ్ళు తాళం చెవి జేబులో పెట్టుకుని, ఆ తర్వాత బేరాలు లేవేంటమ్మా అని అడిగినట్టుంటుంది ఆ మాట. 2022లో బార్సిలోనా మహిళల జట్టు మ్యాచ్‌కి క్యాంప్ నౌ స్టేడియంలో 91,648 మంది వచ్చారు, అదీ తాళం తీశాక సంగతి.

అమెరికాలో ఈ సాకు అసలు నిలబడదు. 2016 నుంచి 2018 వరకు మ్యాచ్‌ల మీద వచ్చిన రాబడి చూస్తే, ఫెడరేషన్ సొంత ఆడిట్ లెక్కల్లోనే ఆడవాళ్ళ మ్యాచ్‌లకి 5.08 కోట్ల డాలర్లు, మగవాళ్ళ మ్యాచ్‌లకి 4.99 కోట్లు.

2016 మార్చిలో ఆడవాళ్ళ జట్టులోని అయిదుగురు, కార్లీ లాయిడ్, అలెక్స్ మోర్గాన్, మెగాన్ రపినో, బెకీ సావర్‌బ్రన్, హోప్ సోలో, ఉద్యోగాల్లో వివక్ష చూసే ఫెడరల్ కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. మూడేళ్ళు నానింది. కమిషన్ నుంచి కేసు వేసుకోవచ్చన్న లేఖలు 2019 ఫిబ్రవరిలో వచ్చాయి, మార్చి 8న 28 మంది ప్లేయర్లు కలిసి కోర్టుకెళ్ళారు. తేదీ మహిళా దినోత్సవం. కావాలనే చూసి వేసుంటారు, నేనైనా అదే చేసేదాన్ని.

ఫిర్యాదులో ఏముంది

నా జూనియర్లకి నేను చదవమనేది కోర్టులో వేసిన ఈ ఫిర్యాదే, ఆవేశం తక్కువ, అంకెలు ఎక్కువ. 2014 ప్రపంచ కప్‌లో రౌండ్ ఆఫ్ 16లో (చివరి పదహారు జట్ల దశలో) ఓడిపోయి ఇంటికొచ్చిన మగవాళ్ళ జట్టుకి ఫెడరేషన్ ఇచ్చిన బోనస్ 53.75 లక్షల డాలర్లు. 2015లో కప్పు తెచ్చిన ఆడవాళ్ళ జట్టుకి 17.25 లక్షలు. రెండు జట్లూ ఏడాదికి 20 ఫ్రెండ్లీ మ్యాచ్‌లు (టోర్నమెంట్లో భాగం కానివి) ఆడి అన్నీ గెలిచాయనుకుంటే అప్పటి ఒప్పందం ప్రకారం ఒక్కో ఆడ ప్లేయర్‌కి గరిష్ఠంగా 99,000 డాలర్లు, మగ ప్లేయర్‌కి 2,63,320.

డబ్బు ఒక్కటే కాదు. 2014 నుంచి 2017 చివరి వరకు సొంత దేశంలో ఆడవాళ్ళు ఆడిన 62 మ్యాచ్‌లలో 13 కృత్రిమ గడ్డి మీద ఆడించారు, మగవాళ్ళవి 49లో ఒక్కటి. 2017లో మగవాళ్ళ జట్టుకి కనీసం 17 సార్లు చార్టర్డ్ విమానం వేశారు, ఆడవాళ్ళకి ఒక్కసారి కూడా లేదు. 2015 డిసెంబర్‌లో హవాయిలో జరగాల్సిన మ్యాచ్ గురించి చదివాక నాకు ఈ కృత్రిమ గడ్డి గొడవ అర్థమైంది. ఆ టర్ఫ్ అంచుని చేత్తో పట్టుకుని లాగితే చాపలాగా లేచి వచ్చేసింది. అలాంటి చోట ఆడమని మ్యాచ్ పెట్టారు. ప్రపంచ కప్ గెలిచి అయిదు నెలలే అయిన జట్టు మేం ఆడం అనడంతో మ్యాచ్ రద్దయ్యింది.

ఓటమి

అమెరికా సమాన వేతన చట్టం 1963 నాటిది. అదే పనికి ఆడవాళ్ళకిచ్చే ‘రేటు’ మగవాళ్ళ రేటు కంటే తక్కువ ఉండకూడదు అంటుంది. చట్టంలో మాట రేటే. జడ్జి క్లాస్నర్ చూసింది మాత్రం మొత్తం. 2015 నుంచి 2019 వరకు ఆడవాళ్ళ జట్టుకి ముట్టింది 2.45 కోట్ల డాలర్లు, మగవాళ్ళకి 1.85 కోట్లు. మ్యాచ్‌ల వారీగా పంచి చూసినా ఆడవాళ్ళకి సగటున 2,20,747, మగవాళ్ళకి 2,12,639. ఎక్కువ తీసుకున్నవాళ్ళు తక్కువ ఇచ్చారంటే ఎలా అని, జీతాల భాగం విచారణ దాకా పోకుండా కాగితాల మీదే కొట్టేశారు. ప్రయాణాలు, వసతుల భాగం మాత్రం మిగిలింది.

ఇప్పుడు హాజరు గడి చూద్దాం. ఆడవాళ్ళు ఆడింది 111 మ్యాచ్‌లు, మగవాళ్ళు 87. ఆ అయిదేళ్ళలో ఆడవాళ్ళు రెండు ప్రపంచ కప్పులు గెలిచారు, మగవాళ్ళు ఒక ప్రపంచ కప్‌కి వెళ్ళనే లేదు. గెలుపు బోనస్‌లు కలిపి చేసిన సగటు అది. ప్రపంచంలోనే అందరికంటే బాగా ఆడితే గానీ, మామూలుగా ఆడినవాడి సగటు పక్కకి రాలేకపోయారని ఆ అంకెలే చెప్తున్నాయి. మగవాళ్ళు 2018కి క్వాలిఫై అయ్యి ఉంటే వాళ్ళ మొత్తం పెరిగేది, ఆడవాళ్ళ కేసు బలపడేది. అంటే ఆడవాళ్ళ చట్టబద్ధమైన హక్కు మగవాళ్ళ జట్టు ఓడిందా గెలిచిందా అన్నదాని మీద ఆధారపడింది. ఈ మాట మా కోర్టులో లాయర్ల గదిలో చెప్తే ఒకాయన టీ తాగుతూ పొలమారాడు.

కానీ న్యాయంగా చెప్పాలంటే జడ్జికి ఇంకో ఆధారం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేం. మగవాళ్ళ ఒప్పందం ఆడితేనే డబ్బు పద్ధతి, జట్టులోకి పిలవకపోతే సున్నా. ఆడవాళ్ళ ఒప్పందంలో నెల నెలా గ్యారంటీ జీతం, బీమా, గాయపడితే డబ్బు ఉన్నాయి. 2017 ఒప్పందం చర్చల్లో మగవాళ్ళ పద్ధతి ఇస్తామంటే మీ యూనియనే వద్దంది కదా, భద్రత కోసం బోనస్ వదులుకున్నారు కదా అన్నారు జడ్జి. ఇస్తామన్నది మగవాళ్ళ పద్ధతే గానీ మగవాళ్ళ అంకెలు కావు అన్నది ప్లేయర్ల జవాబు. నా అనుభవంలో యూనియన్ తరఫున సంతకం పెట్టే ప్రతి చోటా ఈ ముప్పు ఉంటుంది. ఆ పూట గండం గట్టెక్కడానికి ఒకటి వదులుకుని ఒకటి తీసుకుంటాం, నాలుగేళ్ళ తర్వాత ఆ సంతకాన్నే మన ముఖాన పెడతారు. క్లబ్బుల్లో మగవాళ్ళకి వచ్చే జీతాలు ఆడవాళ్ళకి లేవు కాబట్టే వాళ్ళు గ్యారంటీ జీతం అడిగారు. వివక్ష వల్ల పుట్టిన అవసరాన్ని ఇష్టపడి చేసుకున్న ఎంపిక కింద లెక్కేశారు.

ఇదే గనక మన దగ్గరైతే? 1987లో మన సుప్రీంకోర్టు మెకినన్ మెకంజీ కేసు తేల్చింది. ఆడ్రీ డికోస్టా అనే లేడీ స్టెనోగ్రాఫర్‌కి మగ స్టెనోగ్రాఫర్ల కంటే తక్కువ ఇచ్చి, కంపెనీ ‘యూనియన్‌తో సెటిల్‌మెంట్ ఉంది’ అంది. సెటిల్‌మెంట్ చట్టం కంటే పెద్దది కాదు పొమ్మంది కోర్టు. మాకు ఇచ్చే స్తోమత లేదన్న వాదనా చెల్లదంది. ఎర్ర సున్నా లాయర్ గారికి మర్నాడు నేను అందించిన కాగితం ఇదే. ఆ వారం నాకు హాయిగా నిద్రపట్టిన ఒకే ఒక్క రాత్రి అది.

కోర్టు బయట జరిగింది

తీర్పుకి రెండు నెలల ముందు, 2020 మార్చిలో, ఫెడరేషన్ లాయర్లు చేసిన పని ఏ జూనియర్‌కైనా పాఠం. మగవాళ్ళ జట్టులో ఆడటానికి ఎక్కువ సామర్థ్యం కావాలి, వేగం, బలం విషయంలో సైన్స్‌ని కాదనలేం, వాళ్ళ ఉద్యోగంలో బాధ్యత ఎక్కువ అని కోర్టు కాగితాల్లో రాశారు. నాలుగు ప్రపంచ కప్పులు తెచ్చిన సొంత జట్టు గురించి! వాదన కోసం రాసిన వాక్యమే అయినా కోర్టు రికార్డులోకి ఎక్కాక దాన్ని దేశమంతా చదువుతుంది. కోకాకోలా, వీసా లాంటి స్పాన్సర్లు బాహాటంగా కోప్పడ్డారు. మార్చి 11న టెక్సస్‌లో జపాన్‌తో మ్యాచ్‌కి ముందు ప్లేయర్లు వార్మప్ జెర్సీలు తిరగేసి వేసుకొచ్చారు. ఫెడరేషన్ గుర్తు లోపలికి పోయింది, గెలిచిన కప్పుల గుర్తుగా ఉండే నాలుగు నక్షత్రాల ఆనవాలు మాత్రం పైకి కనిపించింది. నినాదం లేదు, బ్యానర్ లేదు. మర్నాడు ఫెడరేషన్ అధ్యక్షుడు కార్లోస్ కార్డేరో రాజీనామా చేశాడు. ఆ కుర్చీలోకి వచ్చిన సిండీ పార్లో కోన్ 1999లో కప్పు గెలిచిన జట్టులో ఆడినావిడ.

దీనికి ముందే, 2019 జూలైలో లియోన్‌లో ఫైనల్ ముగిశాక స్టాండ్స్‌లో జనం ‘ఈక్వల్ పే’ అని అరిచారు. మైదానంలో గెలిచిన జట్టుకి స్టేడియం మొత్తం జీతం పెంచమని అరవడం నేను ఇంకెక్కడా వినలేదు.

అందుకే కేసు ఓడినా ఫెడరేషన్‌కి ఊపిరాడలేదు. ప్లేయర్లు అప్పీలుకి వెళ్ళారు. వివక్షలు చూసే ఫెడరల్ కమిషన్ 2021లో వాళ్ళకి మద్దతుగా కాగితం దాఖలు చేసి, రేటు చూడాల్సిన చోట మొత్తం చూశారంది. మగవాళ్ళ జట్టు యూనియన్ కూడా ఆడవాళ్ళ పక్షానే రాసింది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసింది ఇక్కడే. మా యూనిట్లో మగవాళ్ళు రాజీ చర్చల రోజున గేటు దగ్గరే ఆగిపోయారు.

2022 ఫిబ్రవరి 22న రాజీ కుదిరింది. మొత్తం 2.4 కోట్ల డాలర్లు, అందులో 2.2 కోట్లు ప్లేయర్లకి, 20 లక్షలు రిటైర్ అయ్యాక వాళ్ళ అవసరాలకీ, సేవా పనులకీ ఒక నిధి. వాళ్ళ నిపుణుడు వేసిన బకాయి లెక్క 6.6 కోట్ల పైమాటే. మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. ఓడిన కేసులో అప్పీలు పెండింగ్‌లో ఉండగా మూడో వంతు దొరికిందంటే నేనైతే ఆ రోజు స్వీట్లు పంచుతాను. అయితే రాజీకి ఒక షరతు ఉంది: ముందు ముందు సమానంగా ఇచ్చే కొత్త ఒప్పందం కుదిరితేనే ఇది అమలు.

కుళాయి ఎక్కడుందో అక్కడికి

అసలు పెద్ద తేడా ఫెడరేషన్ జేబులోది కూడా కాదు. అది ప్రపంచ ఫుట్‌బాల్‌ని నడిపే ఫిఫా నుంచి వచ్చే ప్రైజ్ మనీ. 2018లో మగవాళ్ళ ప్రపంచ కప్‌కి 40 కోట్ల డాలర్లు, గెలిచిన ఫ్రాన్స్‌కి 3.8 కోట్లు. 2019లో ఆడవాళ్ళ కప్‌కి మొత్తం 3 కోట్లు, గెలిచిన అమెరికాకి 40 లక్షలు. ఫిఫా ఉండేది జ్యూరిక్‌లో. కాలిఫోర్నియా జడ్జి ఎంత మంచివాడైనా ఆ కుళాయి మీద చెయ్యి వేయలేడు. మా దగ్గరా అంతే, రొయ్య ధర అమెరికా కొనుగోలుదారు తేలుస్తాడు, కూలి గొడవ మాత్రం భీమవరంలో తేలాలి.

2022 మే 18న కుదిరిన ఒప్పందాల్లో దీన్ని దాటిన పద్ధతి చాలా తెలివైనది. రెండు యూనియన్లూ విడివిడిగా సంతకాలు చేశాయి గానీ షరతులు ఒకటే. ఫిఫా ఎవరి కప్‌కి ఎంత ఇచ్చినా ఆ డబ్బంతా ఒక కుండలో పోస్తారు. 2022, 2023 కప్పులకి ఫెడరేషన్ 10 శాతం తీసుకుని, మిగిలిన 90 శాతం రెండు జట్లకీ సమానంగా పంచాలి. ఫ్రెండ్లీ మ్యాచ్ గెలిస్తే ఇద్దరికీ ఒకటే రేటు, ఒక్కో ప్లేయర్‌కి 18,000 డాలర్ల దాకా.

ఇది ఎలా పనిచేసిందో చూడండి. 2022లో ఖతార్‌లో మగవాళ్ళు రౌండ్ ఆఫ్ 16 దాకా వెళ్ళారు, 1.3 కోట్ల డాలర్లు వచ్చాయి. పది శాతం పోను 1.17 కోట్లు, అందులో సగం 58.5 లక్షలు ఆడవాళ్ళ వాటా. 2015, 2019 రెండు కప్పులూ గెలిచినందుకు ఫిఫా ఇచ్చింది 20 లక్షలు, 40 లక్షలు, కలిపితే 60 లక్షలు. మగవాళ్ళు నెదర్లాండ్స్ చేతిలో ఓడి ఇంటికి రావడంతో వీళ్ళకి ముట్టింది, రెండుసార్లు ప్రపంచ విజేతలైతే వచ్చినదానికి దాదాపు సమానం. సంతోషపడాలో ఏడవాలో తెలియని లెక్క.

ఊరికే ఏమీ రాలేదు. ఆడవాళ్ళు గ్యారంటీ జీతాలు వదులుకున్నారు, ఇప్పుడు వాళ్ళదీ ఆడితేనే డబ్బు. బెంచ్ మీద కూర్చునే అమ్మాయికీ, మోకాలు పోయిన అమ్మాయికీ ఇది చిన్న విషయం కాదు. మగవాళ్ళు ప్రైజ్ మనీలో వాటా వదులుకున్నారు, బదులుగా ఆడవాళ్ళకి పాతికేళ్ళుగా ఉన్న పిల్లల సంరక్షణ ఏర్పాటు మొదటిసారి వాళ్ళకీ వచ్చింది. జట్టులోని తండ్రులకి పిల్లల్ని చూసుకునే మనిషిని ఆడవాళ్ళ పోరాటం తెచ్చిపెట్టింది, ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

మన దేశంలో చాలామంది సమానం అంటే మ్యాచ్ ఫీజు అనుకుంటారు. 2022 అక్టోబర్‌లో బీసీసీఐ క్రికెట్‌లో ఆడ, మగ మ్యాచ్ ఫీజు సమానం చేసింది: టెస్టుకి 15 లక్షలు, వన్డేకి 6, టీ20కి 3. మంచిదే. అయితే అదే సీజన్‌లో వార్షిక కాంట్రాక్టు మగవాళ్ళ పై గ్రేడ్‌కి 7 కోట్లు, ఆడవాళ్ళ పై గ్రేడ్‌కి 50 లక్షలు. టెస్టులు ఆడవాళ్ళకి ఎన్ని పెడతారో లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు చాలు. అమెరికాలో రేటు తక్కువ, మ్యాచ్‌లు ఎక్కువ. ఇక్కడ రేటు సమానం, మ్యాచ్‌లు తక్కువ. అందుకని నేను ఒక గడి చూసి ఊరుకోను, రేటు, రోజులు, ఎవరికి ఏ పని ఇస్తారు, ఆ నిర్ణయం ఎవరిది, ఈ నాలుగూ ఒకే కాగితం మీద రాయించుకుంటాను.

ఇంతకీ మా యూనిట్ సంగతి. మూడో సిట్టింగ్‌లో రోజు కూలి సమానం చేయడానికి ఒప్పుకున్నారు. బకాయి మేం మూడేళ్ళది అడిగాం, పద్నాలుగు నెలలది ఇచ్చారు. సంతకాలయ్యాక రెండు నెలలకి ఆ హాజరు గడి ఆవిడ నా ఆఫీసుకి కొత్త జీతం స్లిప్పు పట్టుకొచ్చింది. రేటు మారింది, మొత్తం మాత్రం ముందుకంటే తగ్గింది. ఆడవాళ్ళ ఓటీ తీసేసి మగవాళ్ళకి ఇస్తున్నారట, ఇప్పుడు రేటు ఒకటే కదా, రాత్రి పూట ఆడవాళ్ళకి బండి వేయడం ఎందుకని. "సాయంత్రం ఆరింటికల్లా ఇంటికొస్తున్నా లాయరమ్మా, బాగానే ఉంది, కానీ పిల్ల ఫీజుకి చాలట్లేదు" అంది. ఆ స్లిప్పు జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టాను. ఓటీ ఎవరికి వేయాలన్నది మన ఒప్పందంలో రాయలేదు, అది నా తప్పే. వచ్చే నెల మళ్ళీ నోటీసు ఇస్తున్నాం, ఈసారి గేటు దగ్గర ఆగిపోయినవాళ్ళలో ఇద్దరు లోపలికి వస్తామన్నారు.